'రన్ ఆఫ్ ద మిల్' అంటే నాసిరకమా? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నేను ఒక బియ్యం మిల్లులో గుమస్తాగా పనిచేస్తున్నాను. మా అబ్బాయి బీకాం పూర్తిచేసి, ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఒక సంస్థకు వెళ్లాడు. అక్కడి అధికారి వాడి బయోడేటా చూసి, ఇది 'రన్ ఆఫ్ ద మిల్' బయోడేటా అన్నారట. అది తనను తక్కువ చేసిన మాట అనుకొని వాడు దిగులు పడుతున్నాడు. చదువుకునే రోజుల్లో సెలవులు వస్తే నాతోపాటు మిల్లుకు వచ్చి కాటా పుస్తకం రాసిన పిల్లవాడు, పనికి వెనుదీసేవాడు కాదు. నిఘంటువులో ఆ మాటకు 'సాధారణమైన' అన్న అర్థం కనిపించింది. మిల్లు నడవడానికీ, సాధారణమైన వస్తువుకూ ఏమిటి సంబంధం? ఇది తిట్టా, కాదా? ఎటువంటి చోట వాడవచ్చు?

జవాబు: మీ నిఘంటువు చెప్పిన అర్థం సరైనదే. 'రన్ ఆఫ్ ద మిల్' తిట్టు కాదు, మెప్పు అంతకన్నా కాదు. ఒక వస్తువు గాని, ఒక పని గాని తన కోవకు చెందిన తక్కినవాటిలాగే ఉన్నదనీ, ప్రత్యేకించి చెప్పుకోవలసిన మంచి గాని చెడు గాని అందులో కనిపించలేదనీ దాని భావం. మీ అబ్బాయి మనసు కష్టపెట్టుకోవడం సహజమే గాని, ఆ మాటలో లేని కాఠిన్యాన్ని దానికి అంటగట్టవలసిన పని లేదు. ఈ జాతీయం ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది. మిల్లులో పనిచేసే మీకు అది తక్కినవారికన్నా సులువుగా బోధపడుతుంది కూడా.

ఇంగ్లీషులో 'మిల్' అంటే మొదట ధాన్యం విసిరే తిరగలి, ఆ తిరగలి ఉండే కట్టడం. విసరడం అనే అర్థం గల లాటిన్ ధాతువు ఆ పదానికి మూలం. ధాన్యాన్ని విసరడానికి తిప్పిన నీటి చక్రాలనే తరువాతి కాలంలో నూలు వడకడానికీ, కాగితం గుజ్జు దంచడానికీ, ఇనుము సాగగొట్టడానికీ వాడుకున్నారు గనుక ఆ పేరు ఆ కర్మాగారాలన్నిటికీ వ్యాపించింది. మనమూ బియ్యం మిల్లు, నూనె మిల్లు, కోత మిల్లు, బట్టల మిల్లు అంటూనే ఉన్నాము. ఇక 'రన్' అన్నది ఇక్కడ పరుగు కాదు, మీరు అనుకున్నట్టు మిల్లు నడవడమూ కాదు. యంత్రం ఒక విడతలో ఆగకుండా ఎంత సరుకు దించుతుందో ఆ సరుకు మొత్తానికి అది పేరు. ఈ రెండూ కలిస్తే వచ్చే అర్థం 'మిల్లులో నుంచి వచ్చింది వచ్చినట్టుగా ఉన్న సరుకు', అంటే ఇంకా ఏరి, రకాలుగా విడదీయని సరుకు అన్నమాట.

ఈ వాడుక 19వ శతాబ్దం చివరి భాగంలో అమెరికా బట్టల వ్యాపారంలో కనిపిస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో మెరిమాక్ నది ఒడ్డున ఉన్న లోవెల్ వంటి పట్టణాలు బట్టల మిల్లుల మీదనే ఎదిగి, వేలాది మంది కార్మికులు రోజంతా గజాల కొద్దీ బట్ట దించిన శతాబ్దం అది. అలా దిగిన బట్టను పరీక్షించేవారు ఏ లోపమూ లేనిదాన్ని మొదటి రకంగానూ, పోగు తెగినదాన్నీ మచ్చ పడినదాన్నీ రెండో రకంగానూ విడదీసేవారు. మన బజారులో 'సెకండ్స్' పేరుతో తక్కువ ధరకు అమ్మే బట్ట ఈ రెండో రకమే. ఆ పరీక్ష జరగకముందు, మంచిదీ లోపమున్నదీ కలిసి ఉన్న బట్టను మొత్తంగా అమ్మినప్పుడు దానిని 'రన్ ఆఫ్ ద మిల్' అన్నారు. గని నుంచి తీసిన బొగ్గును పరిమాణాన్ని బట్టి వేరుచేయకముందు 'రన్ ఆఫ్ మైన్' అనడం కూడా ఇదే పద్ధతి. ఆ మాట ఇప్పటికీ బొగ్గు గనుల లెక్కల్లో నడుస్తున్నది.

ఇది చేనేత మగ్గం దగ్గర పుట్టగలిగిన మాట కాదని నాకు గట్టిగా అనిపిస్తుంది. పోచంపల్లిలో నూలుకు ముడులు కట్టి రంగులో ముంచి, ఆ రంగులు మగ్గం మీద బొమ్మగా కుదిరేటట్టు నేసే నేతకారుడు గాని, గద్వాలలో నూలు చీరకు పట్టు అంచును కుప్పడం పద్ధతిలో కలిపే నేతకారుడు గాని తన చేతి కింద సాగే ప్రతి అంగుళాన్నీ చూస్తూనే నేస్తాడు. చీర మగ్గం దిగేసరికే దాని మంచిచెడ్డలు అతడికి తెలిసి ఉంటాయి. నేసినవాడికీ నేతకూ మధ్య దూరం పెరిగి, ఏది మంచిదో ఏది కాదో చూడడానికి వేరే మనిషిని నియమించవలసి వచ్చినప్పుడే 'ఇంకా చూడని సరుకు' అనే తరగతి ఒకటి ఏర్పడుతుంది.

మీ మిల్లులో జరిగే పనినే ఒకసారి తలచుకోండి. వడ్ల మీది ఊక పోయి, పాలిష్‌లో తవుడు రాలిన తరువాత, నూకలను వేరుచేసే గ్రేడరుకూ, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ యంత్రానికీ ఇంకా చేరని బియ్యం ఒకచోట ధారగా పడుతుంది. అందులో నిండు గింజలు ఉంటాయి, నూకలు ఉంటాయి, రంగు మారిన గింజలూ కొన్ని ఉంటాయి. ఆ బియ్యాన్ని ఎవరూ పాడు బియ్యం అనరు, ఎందుకంటే రేపు సంచిలో పోసి మంచి ధరకు అమ్మబోయే నిండు గింజలన్నీ ఆ ధారలోనే ఉన్నాయి. అవి ఇంకా వేరు పడలేదు, అంతే. ఆ అధికారి అన్న మాటను ఈ బియ్యంతో పోల్చుకుంటే దాని బరువు ఎంతో మీకు తెలుస్తుంది.

ఇంకొక సంగతి మీకు పరిచయమైనదే. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో 'ఎఫ్‌ఏక్యూ' అనే మూడక్షరాల మాట రైతులందరికీ తెలుసు. 'ఫెయిర్ యావరేజ్ క్వాలిటీ' అన్నదానికి అది పొట్టి రూపం, అంటే సగటు నాణ్యత గలది. తేమ 17 శాతం మించకుండా, తాలు, మట్టి, రంగు మారిన గింజలు నిర్ణయించిన హద్దులో ఉంటే ఆ వడ్లకు మద్దతు ధర పూర్తిగా దక్కుతుంది. సగటుది అన్నంత మాత్రాన దాని ధర తగ్గదు. ఆ సగటుకు కూడా అందనిదే నాసిరకం. తెలుగులోకి అనువదించేవారు చాలామంది 'రన్ ఆఫ్ ద మిల్'ను 'నాసిరకం' అనో 'చౌకబారు' అనో రాసేస్తున్నారు. అది పెద్ద పొరపాటు. మామూలు రకానికీ నాసిరకానికీ మధ్య ఉన్న తేడాను మన రైతు తేమ కొలిచే యంత్రం ముందు నిలబడి ప్రతి కోతకాలంలోనూ చూస్తున్నాడు, భాషలో రాసేవారు మాత్రం దానిని చెరిపివేయడం న్యాయం కాదు.

20వ శతాబ్దంలో ఈ మాట వ్యాపారపు హద్దు దాటి మనుషులు చేసే పనులకూ, ప్రసంగాలకూ, సినిమాలకూ, రోజువారీ సంఘటనలకూ విశేషణంగా మారింది. అక్కడే చిక్కు మొదలయింది. ఒకే మాట ఒకచోట ఊరటగానూ, మరొకచోట గాయంగానూ తగలడం గమనించండి. నల్లగొండ ఆసుపత్రిలో జ్వరంతో ఉన్న బిడ్డను చూసి డాక్టరు 'ఇది రన్-ఆఫ్-ద-మిల్ ఫీవర్, భయపడవద్దు' అంటే ఆ తల్లికి అంతకన్నా చల్లని మాట లేదు. ప్రమాదమేమో అని భయపడుతున్న చోట మామూలుతనమే శుభవార్త. అదే మాటను ఆరు నెలలు శ్రమపడి గీసిన చిత్రాన్ని గురించి గాని, రాసిన కథను గురించి గాని అంటే ఆ శ్రమపడిన మనిషి కుంగిపోతాడు, ఎందుకంటే తనది పదింటిలో ఏరి పక్కన పెట్టదగినదని అతడు ఆశించి ఉంటాడు. మాట మారలేదు, విన్నవారు ఎదురుచూస్తున్నది వేరు. అందువల్ల జబ్బులు, మరమ్మతులు, కాగితపు పనులు, వాతావరణం వంటివాటి గురించి ఈ జాతీయాన్ని ధైర్యంగా వాడవచ్చు. ఒకరి పనిని గురించి వాడేటప్పుడు వాడవలసిన అవసరం నిజంగా ఉన్నదా అని ఆలోచించాలి. మనిషిని గురించి, ముఖ్యంగా విద్యార్థిని గురించి, అసలు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఒక పిల్లవాడు ఇంకా ఎవరూ ఏరి చూడని దశలో ఉండగానే అతడిని ఆ మాటతో ముద్ర వేయడం ఉపాధ్యాయులకు తగదు.

వ్యాకరణం విషయం కొంత చెప్పాలి. నామవాచకానికి ముందు వచ్చినప్పుడు నాలుగు పదాల మధ్యా అడ్డగీతలు పెట్టి ఒకే విశేషణంగా రాయడం ఆచారం. వాక్యం చివర క్రియ తరువాత వచ్చినప్పుడు అడ్డగీతలు లేకుండా రాసేవారూ ఉన్నారు. మధ్యలో 'ద' తప్పనిసరి; 'రన్ ఆఫ్ మిల్' అనీ, 'రన్ ఆఫ్ మిల్స్' అనీ రాయకూడదు. దీనికి దగ్గరగా వినిపించే 'త్రూ ద మిల్' అన్నది పూర్తిగా వేరు. ఒకడు మిల్లులో పడి బయటికి వచ్చాడంటే కష్టాల్లో నలిగి వచ్చాడని అర్థం; అక్కడి మిల్లు అచ్చంగా గింజలను నలిపే తిరగలే. 'గ్రిస్ట్ టు ద మిల్' అన్నదానిలోనూ ధాన్యపు మిల్లే ఉన్నది. విసరడానికి తెచ్చిన గింజ ఏదయినా మిల్లుకు పనికివచ్చినట్టు, దొరికినదేదయినా తన పనికి ఉపయోగపడుతుందని దాని భావం.

ఇక మీ అబ్బాయి సంగతి. ఆ అధికారి చెప్పినది బయోడేటా గురించే గాని మీ అబ్బాయి గురించి కాదు. ఉద్యోగాలిచ్చేవారి బల్ల మీదికి వచ్చే కాగితాల్లో 'కష్టపడి పనిచేస్తాను, బృందంతో కలిసిపోతాను, త్వరగా నేర్చుకుంటాను' అనే వాక్యాలు దాదాపు అన్నిటిలోనూ ఉంటాయి. అవి అబద్ధాలు కావు గాని, వాటిని చదివి ఒక మనిషిని ఇంకొక మనిషి నుంచి వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. మీ ఉత్తరంలోనే ఒక వాక్యం ఉన్నది, సెలవుల్లో కాటా పుస్తకం రాశాడని. ఆ సంగతి బయోడేటాలో ఉన్నదా? కోతల కాలంలో వచ్చిన లారీల బరువును ఖాళీ లారీ బరువుతో సరిచూసి రాయడం, తేమ శాతం నమోదు చేయడం, సాయంత్రం సంచుల లెక్కను పుస్తకంతో పోల్చి తేడా వస్తే వెతకడం వంటివి అతడు చేసి ఉంటే, బీకాం చదివిన అభ్యర్థికి అంతకన్నా చెప్పుకోదగిన అనుభవం ఏముంటుంది? చేసిన పనిని చేసినట్టుగా, ఏ కాలంలో, ఏ సరుకుకు, ఏ పుస్తకంలో అన్న వివరాలతో నాలుగు వాక్యాల్లో రాయమనండి. చేయని పనిని మాత్రం ఒక్క ముక్క కూడా చేర్చవద్దని నా తరఫున చెప్పండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు చెబుతున్నాను. 'గార్డెన్ వెరైటీ' అన్న మాటను పిల్లలు 'తోట రకం' అని అనువదించారు. దీనికీ 'రన్ ఆఫ్ ద మిల్'కూ తేడా ఉన్నదా? తెలుగులో సరైన మాట ఏది?

జవాబు: అర్థంలో పెద్ద తేడా లేదు, పుట్టుకలో ఉన్నది. మూలికల గురించి రాసిన పాత ఇంగ్లీషు గ్రంథాల్లో ఒకే మొక్కకు ఉన్న అనేక జాతులను వివరిస్తూ, అడవిలో దొరికే అరుదైన జాతి నుంచి విడదీయడానికి, అందరికీ తెలిసిన జాతిని 'కామన్ ఆర్ గార్డెన్' అని పేర్కొనేవారు. 17వ శతాబ్దంలో మన కామంచి మొక్కను కూడా అలాగే పిలిచారు. మొక్కల వర్ణనలో ఉన్న ఆ మాట తరువాత ఏ మామూలు వస్తువుకయినా విశేషణమయింది. బ్రిటన్‌లో 'కామన్ ఆర్ గార్డెన్' అనీ, అమెరికాలో 'గార్డెన్ వెరైటీ' అనీ నిలిచింది. అమెరికా వాడుకలో అది దొంగ, అబద్ధం, మోసం వంటి మాటల ముందు తరచుగా కనిపిస్తుంది. కొత్తదనం ఏమీ లేని, ఎప్పుడూ చూసే రకం మోసం అని అక్కడ అర్థం.

పిల్లలకు చెప్పేటప్పుడు 'పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు' అన్న సామెతను గుర్తు చేయవచ్చు. అయితే రెండిటినీ సమానార్థకాలుగా చూపించవద్దు. దగ్గర ఉన్నదాని విలువను మనుషులు గుర్తించరన్న బాధ మన సామెతలో ఉన్నది. ఇంగ్లీషు మాటలో ఆ బాధ లేదు, అది ఏ రకమో చెప్పి ఊరుకుంటుంది.

తెలుగులో ఒకే మాటను పట్టుకొని కూర్చోకుండా సందర్భాన్ని చూడాలి. ఎక్కువ చోట్ల 'మామూలు' సరిపోతుంది. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన ఈ మాటకు ఆచారంగా జరిగేది అని మొదటి అర్థం గనుక, మంచిచెడ్డల ఊసు లేని ఆ తటస్థత దానిలో చక్కగా నిలిచి ఉన్నది. అలంకారాలు లేవని చెప్పాలంటే 'సాదాసీదా' బాగుంటుంది. 'అల్లాటప్పా', 'ఆషామాషీ' అన్నవి మాత్రం జాగ్రత్తగా వాడాలి. అవి ఎక్కువగా వ్యతిరేకార్థక వాక్యాల్లోనే సహజంగా ఒదుగుతాయి. 'ఆయన అల్లాటప్పా మనిషి కాదు', 'కాలువ తవ్వడం ఆషామాషీ పని కాదు' అంటాము గాని, ఒక చీరను చూపి ఇది ఆషామాషీ చీర అనము. అందువల్ల ఇంగ్లీషులో 'ఇది రన్ ఆఫ్ ద మిల్ కాదు' అన్న వాక్యం ఎదురయితే ఆ రెండు మాటలూ ఎంతో అందంగా అమరుతాయి. ఇక మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ఒక వస్తువు గొప్పది కాకపోయినా పనికి సరిపోతుందని చెప్పడానికి 'నడుస్తది' అంటారు. ఇంత క్లుప్తంగా, ఇంత మర్యాదగా మామూలుతనాన్ని ఒప్పుకునే మాట ఇంగ్లీషులో నాకు కనిపించలేదు. కథల్లో, సంభాషణల్లో దానిని నిస్సంకోచంగా వాడమని మీ విద్యార్థులకు చెప్పండి.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. 'బాగ్ స్టాండర్డ్' కూడా ఇదే అర్థంలో వాడవచ్చా?

జవాబు: అర్థం అదే గాని స్వరం అది కాదు. ఇది బ్రిటన్‌లో స్నేహితుల మధ్య నడిచే మాట, వినేవారికి మోటుగా తగులుతుంది. 2001లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ అధికార ప్రతినిధి అలిస్టర్ క్యాంప్‌బెల్, అన్ని స్థాయిల పిల్లలనూ చేర్చుకునే ప్రభుత్వ పాఠశాలలను గురించి ఈ విశేషణం వాడినందుకు అక్కడి ఉపాధ్యాయులు తీవ్రంగా నొచ్చుకున్నారు. మీరు అర్జీల్లోనూ, పరీక్ష వ్యాసాల్లోనూ దీనిని వాడవద్దు.

ప్రశ్న: నారాయణపేటలో డిగ్రీ చదువుతున్నాను. పత్రికల్లో 'బ్రెడ్ అండ్ బటర్ ఇష్యూస్' అని రాస్తున్నారు. ఇదీ మామూలు విషయాలు అనే అర్థమేనా?

జవాబు: కొంతవరకు మాత్రమే. ఇంతవరకు చెప్పుకున్న మాటలు ఒక వస్తువులో ప్రత్యేకత లేదని చెబుతాయి. 'బ్రెడ్ అండ్ బటర్' అన్నది, రోజూ ఉండేదే అయినా అది లేకపోతే బతుకు గడవదని చెబుతుంది. ఇంగ్లండులో రొట్టె, వెన్న ఇంటింటి తిండి గనుక, దాని పేరు మీద తిండి సంపాదించే పనికీ, ఆ పని మీద ఆధారపడిన సమస్యలకూ ఆ పేరు వచ్చింది. కూలి రేటు, వంటనూనె ధర, తాగునీరు, బస్సు చార్జీ వంటివి 'బ్రెడ్ అండ్ బటర్' సమస్యలు.

దీనికి మన దగ్గర 'బతుకుదెరువు' అనే మాట సిద్ధంగా ఉన్నది. ఆనకట్టల పనులకూ, కాలువల పనులకూ, రోడ్ల పనులకూ రాష్ట్రాలు దాటి వెళ్లిన పాలమూరు కూలీల ఇళ్లలో ఆ మాటకు ఉన్న లోతు నిఘంటువులకు అందదు. పత్రికలు దానిని విడిచిపెట్టి 'రొట్టె-వెన్న సమస్యలు' అని రాస్తుంటే నాకు బాధ కలుగుతుంది. జొన్నరొట్టె తిని పొలానికి పోయే మనిషికి ఆ వెన్న ఎక్కడిది? 'బతుకుదెరువు సమస్యలు' అని రాస్తే ఊరిలో పత్రిక చదివి వినిపించుకునే వృద్ధులకు కూడా అర్థమవుతుంది. ఒక సంస్థకు స్థిరమైన రాబడి తెచ్చే రోజువారీ పనిని చెప్పేటప్పుడు మాత్రం 'ఆధారమైన పని' అన్నది సరిపోతుంది. ఉదాహరణకు మిర్యాలగూడ మిల్లుకు ప్రభుత్వ వడ్లను మరపట్టి ఇవ్వడం అటువంటి పని.

రాసేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోండి. నామవాచకానికి ముందు వస్తే దీనికీ అడ్డగీతలు పెట్టాలి. రెండు వస్తువుల పేర్లు ఉన్నా, బతుకుదెరువు అనే అర్థంలో దానిని ఏకవచనంగానే భావించి క్రియ వాడాలి. పాత ఇంగ్లీషు ఉత్తరాలు చదివేటప్పుడు 'బ్రెడ్-అండ్-బటర్ లెటర్' అన్న మాట మీకు తగలవచ్చు. దానికి బతుకుదెరువుతో సంబంధం లేదు. ఒకరి ఇంట్లో అతిథిగా ఉండి వచ్చిన తరువాత, ఆ ఇంటివారికి కృతజ్ఞత చెబుతూ రాసే ఉత్తరం అది.